సవరణ: మార్కులపై అప్పీలు

విద్యార్థులు, విశ్వవిద్యాలయం ఒకరి నుంచి ఒకరు ఏం ఆశించవచ్చో చెప్పిన పోస్టులో ‘మార్కులు తక్కువనిపిస్తే అప్పీలు చేయండి, పేపరు మళ్లీ దిద్దుతారు’ అని రాశాం. అది తప్పు; రెండు వేర్వేరు పద్ధతులను కలిపేశాం. పరీక్షల నిబంధనలు మళ్లీ చూసి సరిచేస్తున్నాం.

మళ్లీ దిద్దించుకోవడం రీవాల్యుయేషన్. అది ఉన్నచోట దానికి విడిగా దరఖాస్తు, తరచూ ఫీజు ఉంటాయి. కొన్నిచోట్ల మార్కులు తగ్గనూ వచ్చు. అప్పీలులో సాధారణంగా చూసేది పద్ధతినే: కూడిక తప్పిందా, ఏదైనా జవాబు దిద్దకుండా వదిలేశారా, ముందు ప్రకటించిన మార్కుల విభజన పాటించారా, పక్షపాతం జరిగిందా. ‘ఈ జవాబుకు ఇంకో 5 మార్కులు రావాలి’ అన్న వాదన, ఎంత న్యాయమైనదైనా, చాలాచోట్ల మొదటి మెట్టు దాటదు.

అందుకే ముందు దిద్దిన పేపరు చూపమని అడగండి. ప్రశ్నలవారీగా మార్కులు కూడి చూడండి. ఏ నిబంధన ఎక్కడ తప్పిందో ఒక్క పేజీలో రాసి, కోర్సు ప్రణాళిక, ఈమెయిళ్లు జతచేయండి. గడువు మాత్రం మామూలుగా ఫలితాలు ప్రకటించిన తేదీ నుంచే నడుస్తుంది; అధ్యాపకులతో మాటలు సాగుతున్నాయని ఆగదు. చాలామంది అప్పీలు పోగొట్టుకునేది ఇక్కడే. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడగండి.

పోస్టులోని మిగతా విషయాల్లో మార్పు లేదు.