తేలిక బోర్డు అంటే బలం లేని బోర్డేనా?

“తేలిక బోర్డులు మోసం. చెక్కపొట్టులో థర్మోకోల్ పూసలు కలుపుతున్నారు. బరువు లేకపోతే బలం లేనట్టే. తడి తగిలితే థర్మోకోల్ ఉబ్బుతుంది, విషవాయువు వదులుతుంది.” షెల్ఫులకు వాడే తేలికరకం పార్టికల్ బోర్డు, అంటే చెక్కముక్కలను జిగురుతో నొక్కి చేసే పలక గురించి అందరూ పంచుకుంటున్న మెసేజ్ ఇది. పూసలు కలుపుతారన్న మాట నిజమే. తక్కిన మూడింటితోనే పేచీ.

బలం సంగతి. షెల్ఫు మీద బరువు పెడితే పలక పైపొర నొక్కుకుంటుంది, కిందిపొర సాగుతుంది, సరిగ్గా నడిమధ్య రెండూ ఉండవు. అంతటా ఒకే సరుకున్న 18 మి.మీ. పలకలో నడిమి 9 మి.మీ. తీసుకోండి. మందంలో సగం, వంగకుండా ఆపడంలో దాని వాటా ఎనిమిదో వంతు! అందుకే పైన, కింద గట్టి పొరలు ఉంచి నడుమ బరువు తగ్గిస్తారు. మామూలు పార్టికల్ బోర్డు ఘనపు మీటరుకు 600-700 కిలోలు తూగితే, ఈ తేలిక బోర్డులు 500 లోపే.

మరి ఊరికే చెక్క తగ్గిస్తే పోదా? పోదు. ముక్కల మధ్య ఖాళీలు మిగిలితే జిగురుకు పట్టు దొరకదు, నడుమ పొర రాలిపోతుంది. థర్మోకోల్ పూస, అంటే ఉబ్బిన పాలీస్టైరీన్ ప్లాస్టిక్, ఆ సందుల్లో ఇరుక్కుని ముక్కలను కలిపి పట్టుకుంటుంది. పూసలో అత్యధిక భాగం గాలే కాబట్టి దాని బరువు లెక్కలోకి రాదు.

తడికి ఉబ్బేది చెక్క, థర్మోకోల్ కాదు. వాసన, ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు వచ్చేది యూరియా జిగురు నుంచి. పూసలు లేని బోర్డులోనూ అదే జిగురు. అడగాల్సింది ఆ వాయువు తక్కువగా వదులుతుందని చెప్పే ‘ఈ1’ గుర్తు ఉందా అని.

అసలు లోపాలను ఆ మెసేజ్ రాసినవారు పట్టుకోలేదు! అంచులోకి దిగే స్క్రూ మెత్తటి నడుమ పొరలోకే పోతుంది, పట్టు తక్కువ. తలుపు కబ్జాలు (మడతబందులు) బిగించే చోట గట్టి చెక్కపట్టీ పెట్టించాలి. పాలీస్టైరీన్ దాదాపు 100 డిగ్రీలకే మెత్తబడుతుంది, అంటుకుంటే నల్లటి పొగ కక్కుతుంది. పొయ్యి పక్కన వాడొద్దు. ఇంకొకటి, కోసిన అంచుకు ఘాటు వాసన వచ్చే సాల్వెంట్ జిగురు పూస్తే పూసలు కరిగి గుంటలు పడతాయి. నీళ్లలో కలిసే జిగురు వాడండి.