జీపీఎల్ మైల, ఆఫీసు మడి

ఫోర్జెయో అని, ఆఫీసుల్లో కోడు దాచి పంచుకునే సర్వరు సాఫ్ట్‌వేరు. 9వ వెర్షన్‌తో, అంటే 2024 అక్టోబరులో, దాని లైసెన్సు షరతులు తక్కువున్న ఎంఐటీ నుంచి షరతులెక్కువున్న జీపీఎల్ 3కి మారింది. (2022లో గిటీ అనే అలాంటి సాఫ్ట్‌వేరు పేరూ డొమైనూ ఒక కంపెనీ చేతికి పోయాయని అలిగి విడిపోయినవాళ్లది ఇది. ఎస్పెరాంతో భాషలో ఫోర్జెయో అంటే కొలిమి.) కబురు చెవిన పడగానే ఆఫీసుల్లో లీగల్ వారికి మైల సోకింది. "జీపీఎల్ సర్వర్లో పెడితే మన కోడూ జీపీఎల్ అయిపోతుందిట!"

అవునండీ. ఇనప్పెట్టెలో పెట్టిన పట్టుచీర ఇనుమైపోయినట్టు.

మీటింగు పెడతారు. శుద్ధి తీర్మానం రాస్తారు. దాన్ని దాచేది ఎక్కడ? గిట్‌లో, అదే కోడు మార్పుల లెక్క దాచే ప్రోగ్రాంలో. గిట్‌ది జీపీఎల్ 2. దాని కింద సర్వరును నడిపే లినక్స్ కెర్నెల్, అదీ జీపీఎల్ 2. ఆదేశాలు కొట్టే బాష్ జీపీఎల్ 3. మడి కట్టుకుని కూర్చున్న పీటే మైలది. అయినా ఒక్కరూ లేవరు. పైగా ఇంకో కాఫీ చెప్తారు.

జీపీఎల్ అడిగేది ఇంతే: ప్రోగ్రాం కాపీ బయటివాళ్లకిస్తే సోర్సు (రాసిన మూల కోడు) కూడా ఇవ్వు. మార్చుకుని ఇంట్లోనే వాడుకుంటే దానికేం పట్టదు. మార్చిన ప్రోగ్రాంను నెట్‌లో వాడేవాళ్లకూ సోర్సు అందివ్వాలనేది ఏజీపీఎల్, 13వ సెక్షను. ఒక్క అక్షరం తేడా. చదవడానికే జీతం తీసుకునేవాళ్లకు అది ఆనదు.

మరి ఎంఐటీ మీద అంత ముద్దెందుకు? తిరిగివ్వక్కర్లేదని. అది కోరేది ఒక్కటే: కాపీరైటు నోటీసునూ లైసెన్సు పాఠాన్నీ కాపీలో ఉంచమని. అదీ ఉంచరు! కస్టమరుకు పంపే బిల్డులో ఆ నాలుగు ముక్కలూ చెరిపి సొంత లోగో అతికిస్తారు. ఊరికే రాసిచ్చినవాడి పేరు మింగినవాళ్లా మనకు లైసెన్సు శుద్ధి నేర్పేది? సిగ్గుండాలి.

గిటీ నుంచి ఫోర్జెయోకు మారాలా అని కమిటీ ఆలోచిస్తుండగా సర్వరు చూసే కుర్రాడు గిటీని 1.22 నుంచి 1.23కి ఎక్కించేస్తాడు. 1.22 దాకా అయితే డేటాబేసుతో సహా ఫోర్జెయో 10కి నేరుగా మారొచ్చు, 1.23 ఎక్కాక ఆ తలుపు మూత. పాత బ్యాకప్ వెతికితే రిపాజిటరీల (కోడు నిల్వల) ఫోల్డరు ఒక్కటే దొరుకుతుంది. ఇష్యూలూ (తప్పుల ఫిర్యాదులు) పుల్ రిక్వెస్టులూ (మార్పుల అర్జీలు) ఉండేది డేటాబేసులో కదా. దాంతోపాటు కాన్ఫిగ్ ఫైల్లోని సీక్రెట్ కీ కూడా దాచుకోకపోతే టూ-ఫ్యాక్టర్ (రెండంచెల లాగిన్) రహస్యాలు ఇక విప్పలేం.

ఆర్నెల్లకు కమిటీ సంతకం చేస్తుంది: "ఫోర్జెయోకు అభ్యంతరం లేదు."