అకార్డియన్ పోయింది, మూడడుగులు మిగిలాయి

హాఫ్‌మన్ అక్కాచెల్లెళ్లు జానపదాన్ని వదిలేసి డిస్కో బీటుకు అమ్ముడుపోయారని విసుక్కునేవాళ్లున్నారు. జర్మనీలోని మెస్‌కిర్ష్ నుంచి వచ్చిన గాయనులు అనిత, అలెగ్జాండ్రా ఒకప్పుడు ‘గెష్విస్టర్ హాఫ్‌మన్’, అంటే హాఫ్‌మన్ తోబుట్టువులు. తర్వాత పోస్టరు మీదికి ఇద్దరి పేర్లూ వచ్చాయి. మారారు, నిజమే. కానీ వదిలింది జానపదాన్ని కాదు.

జర్మన్లకు ‘ఫోక్స్‌మ్యూజిక్’ వేరు, ‘ఫోక్స్‌ట్యూమ్లిష్’ వేరు. మొదటిది ఊళ్లలో నోటినుంచి నోటికి వచ్చిన పాట. రెండోది జానపదం వేషం కట్టిన స్టూడియో పాట. వీళ్లు పాడిందీ, వదిలిందీ ఈ రెండోదే. 1981 నుంచి 2015 దాకా నడిచిన ‘మ్యూజికాంటెన్‌స్టాడల్’ టీవీ కార్యక్రమం దానికి పుట్టిల్లులాంటిది. పేరులో ‘ఫోక్స్‌మ్యూజిక్’ ఉన్నా ఈ స్టూడియో పాటలకే జరిగిన ‘గ్రాండ్ ప్రీ డెర్ ఫోక్స్‌మ్యూజిక్’ పోటీ 2010తోనే ఆగిపోయింది. 2013లో గాయని హెలెనె ఫిషర్ డ్యాన్స్ పాట ‘ఆటెమ్‌లోస్’ ఊపేశాక గాలి ఎటు వీస్తోందో అందరికీ తెలిసింది. వేదికే మూతబడితే పాట మారక ఏం చేస్తుంది?

ఈ మార్పులో నిజంగా నష్టపోయింది మూడు దెబ్బల నాట్య లయ వాల్ట్జ్. రెండు దెబ్బల పోల్కాకు ఇబ్బంది లేదు. దాని ‘ఊమ్-పా’లో ఊమ్‌ను కిక్ డ్రమ్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్) తీసుకుంటుంది, పా హై-హ్యాట్‌కు (జంట తాళాలకు) పోతుంది, అంతే. వాల్ట్జ్ తిస్రం, అంటే మూడు దెబ్బలు; డిస్కో పాటలకు జంటగా ఆడే డిస్కోఫాక్స్ బీటు చతురశ్రం, అంటే నాలుగు. ప్రతి ఆవర్తంలో ఒక స్వరాన్ని సాగదీసి మూడును నాలుగు చేయాలి. 32 ఆవర్తాల చరణంలో 96 దెబ్బలు 128 అవుతాయి. నిమిషానికి 160 దెబ్బల వాల్ట్జ్‌లో 36 సెకన్లలో అయిపోయే చరణం, 128 వేగంలో పూర్తి నిమిషం లాగుతుంది. అందుకే రెండో చరణానికి కత్తెర పడుతుంది, కథ చెప్పే పాట కాస్తా పల్లవి తిప్పే పాటవుతుంది.

జంట గొంతులదీ ఇదే చిక్కు. పాత పద్ధతిలో ఒకరు ‘సా’ పడితే మరొకరు ‘గా’ పట్టుకుని చివరిదాకా పక్కపక్కనే నడుస్తారు. అకార్డియన్ వెనకాల అది హాయిగా ఉంటుంది. మందమైన సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) మోత మీద రెండు గొంతులూ ఒకే స్థాయిలో పెడితే అసలు వరస ఏదో తెలియదు. పై గొంతును కాస్త తగ్గించాలి, లేదా చరణం ఒకరికే వదిలి పల్లవిలో కలవాలి.

తమాషా ఏమిటంటే, తిస్రం చెవిలోంచి పోయి కాళ్లలోకి దిగింది. డిస్కోఫాక్స్ మూల అడుగు ‘ఎడమ, కుడి, తట్టు’: మూడు దెబ్బలు. పాట నాలుగులో నడుస్తుంది, కాలు మూడులో. రెండూ మళ్లీ కలిసేది 12వ దెబ్బ అయ్యాకే. జోడీ తడబడేదీ అక్కడే, మజా కూడా అక్కడే.

మన వేడుకల్లో జానపదాలకు డీజే మిక్స్ చేసేవాళ్లు ఇది గమనించాలి. తీన్‌మార్‌లో ఒక్కో దెబ్బ మూడు ముక్కలుగా విరుగుతుంది. దానిమీద రెండేసి ముక్కల హై-హ్యాట్ వేస్తే డప్పూ మెషీనూ తన్నుకుంటాయి. వాల్యూమ్ పెంచితే గోల పెరుగుతుందే తప్ప ఊపు రాదు. కిక్ ఉంచుకోండి, హై-హ్యాట్ తీసేయండి. అది లేనిదే కుదరదంటే సీక్వెన్సర్ (దెబ్బల్ని వరసగా పేర్చే యంత్రం) గ్రిడ్‌ను ట్రిప్లెట్‌కు, అంటే దెబ్బకు మూడు ముక్కలకు మార్చండి.