సవరణ: నీటి సంఘాలకు తీరువా వసూలు అప్పగించలేదు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం గురించి రాస్తూ, "కాలువలు, నీటి తీరువా వసూలు రెండూ రైతు సంఘాలకు అప్పగించారు" అన్నాను. అది తప్పు. (తీరువా అంటే సాగునీటికి రైతు కట్టే పన్ను.) చట్టం పాఠం, నీటిపారుదల రంగంపై వచ్చిన అధ్యయనాలు చూశాక సరిచేస్తున్నాను.

సంఘాలకు ఇచ్చింది నిర్వహణ మాత్రమే. తమ పరిధిలో పూడిక తీయించడం, తూములు, షట్టర్లు బాగు చేయించడం, వంతుల ప్రకారం నీళ్లు పంచడం వాటి పని. కాలువలు ప్రభుత్వానివే. ఆ చట్టం ప్రకారం తీరువా వసూలు చేసేది రెవెన్యూ శాఖ. అందులోంచి సంఘాల వాటా తిరిగి రావాలి.

ఈ తేడా చాలా పెద్దది. వసూలు ఒకరిది, ఖర్చు పెట్టే బాధ్యత ఇంకొకరిది. వాటా ఆలస్యమైతే పిల్లకాలువలో గుర్రపుడెక్క అలాగే ఉంటుంది, చివరి ఆయకట్టులో నారుమడి ఎండుతుంది. ఊళ్లో అందరూ సంఘం అధ్యక్షుణ్ణే నిలదీస్తారు, ఆయన చేతిలో మాత్రం నిధులుండవు. నా మాట చదివి సంఘాలే డబ్బు దాచుకున్నాయని అనుకుంటే, ఆ నింద వాళ్లకు అన్యాయం.

1997లోనే ఎన్నికలు జరిగి 10,000కు పైగా సంఘాలు ఏర్పడ్డాయని, తీరువా దాదాపు మూడు రెట్లు పెంచారని రాసింది మాత్రం సరైనదే.