ఖాళీ గడి ‘నిల్’ కాదు

అక్టోబరు దగ్గర పడుతోంది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ ఆ నెల 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి. 2021లో గులాబ్ ఇంకాస్త ముందుగా, సెప్టెంబరు 26నే వచ్చింది. విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలింది 2024 అక్టోబరులో. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి ఈ నెల సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. తుపాను ఎక్కడ తీరం దాటేదీ వాతావరణ శాఖ ఇప్పుడు గంటల లెక్కన చెబుతోంది. జనాన్ని ముందే తరలించడమూ మెరుగుపడింది. మెరుగుపడనిది ఆ మర్నాటి పని. ఎవరికి ఏం కావాలో కనుక్కోవడం.

ఆ పని ఇప్పటికీ ఒక పట్టిక మీద నడుస్తోంది. కబురు అందని ఊరి ఎదురుగా గడి ఖాళీగా ఉంటుంది. మండలం నుంచి డివిజనుకు పోయేసరికి అందులో ‘నిల్’ అని చేరుతుంది. జిల్లా దాటేసరికి అది సున్నా. సున్నా పడ్డ ఊరికి ట్యాంకరు వెళ్లదు, బియ్యం వెళ్లవు, డాక్టరు వెళ్లడు. ఇదేదో గుమస్తా పొరపాటని మేము అనుకోవడం లేదు. చూడని ఊరిని బాగున్న ఊరిగా చదవడం యంత్రాంగానికి అలవాటైపోయింది. అలవాటు ఇప్పుడు ఆనవాయితీగా స్థిరపడుతోంది. మా భయం అదే.

తిత్లీ తెల్లవారుజామున పలాస, వజ్రపుకొత్తూరు తీరాన్ని తాకింది. కరెంటు స్తంభాలు వరసగా ఒరిగాయి. ఫోన్లు మూగబోయాయి. కొబ్బరి చెట్లు అడ్డంగా పడి ఉద్దానం దారులు మూసుకుపోయాయి. అలాంటి ఉదయం ఫోను చేయగలిగే ఊరు ఏది? జాతీయ రహదారిని ఆనుకున్న ఊరు, గాలి కాస్త పక్కగా పోయిన ఊరు. తుపాను నడినెత్తి మీదుగా పోయిన ఊరికి గొంతే ఉండదు. కాబట్టి కబురు రాకపోవడమే అన్నిటికన్నా పెద్ద కబురు. ఆరు గంటల్లో సమాచారం రాని ఊళ్ల జాబితా తీసి తొలి బృందాన్ని అక్కడికే పంపాలి. జరుగుతున్నది దీనికి తలకిందులు. జీపు పోయేంత మేర పరిశీలన, అక్కడితో నివేదిక. గెడ్డకు అవతల ఊరూ, సముద్రం ఒడ్డున మత్స్యకారుల పేటా, కొండ మీద సవరల గూడెమూ మూడో రోజుకీ పట్టికలో ఖాళీగానే ఉంటాయి. ‘చూశాం, అవసరం లేదు’ అనేది ఒక మాట. ‘ఇంకా చూడలేదు’ అనేది వేరే మాట. రెంటికీ వేర్వేరు గడులు ఉండాలి. రెండో మాట జిల్లా కలెక్టరు బల్ల దాకా అదే మాటగా వెళ్లాలి, మధ్యలో ఎవరూ దాన్ని అంకెగా మార్చకూడదు.

తొలి గంటల్లో ప్రాణాలు కాపాడాలా, కాగితాలు నింపాలా అని అధికారులు అడుగుతారు. సిబ్బంది చాలరన్నదీ, తొందరపాటు అంకెలు జనాన్ని భయపెడతాయన్నదీ కొట్టిపారేయదగ్గవి కావు. కాని లెక్క లేకుండా పంపిన లారీ ఎటు పోతుంది? ముందు అడిగిన నాయకుడి ఊరికి పోతుంది. రోడ్డు పక్క ఊరికి మూడు సార్లు పులిహోర పొట్లాలు, లోపలి ఊరికి మంచినీళ్లు కూడా లేకపోవడం, ఈ రెండూ ఒకే రోజున జరిగేది అందుకే.

పైగా తొలి అంచనాకు ఇల్లిల్లూ తిరగనక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి సంస్థలు వాడే పద్ధతిలో మొదటి 72 గంటల్లో ఉజ్జాయింపు చిత్రం గీస్తారు, రెండు వారాల్లోపు క్షేత్రంలో దాన్ని సరిచూస్తారు. మొదటి దానికి కావలసిందంతా మన దగ్గర ముందే ఉంది. ఆ నెలలో కాన్పు కావలసిన గర్భిణుల జాబితా ఏఎన్ఎం దగ్గర, పసిపిల్లల జాబితా అంగన్‌వాడీలో, క్షయ మందులు వాడేవారి జాబితా పీహెచ్‌సీలో ఉంటాయి. వీటిని సెప్టెంబరులోనే ఊరికొక కాగితం మీదకు తెచ్చి, అచ్చు తీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి సచివాలయంలో ఉంచాలి. కరెంటూ సిగ్నలూ పోయిన రోజున ట్యాబు అక్కరకు రాదు. రేషన్ కార్డుల లెక్కను మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. కార్డులో ఆరుగురుంటారు, ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లుంటారు. మిగతావారు చెన్నైలోనో, హైదరాబాదులోనో, గుజరాత్ రేవుల్లోనో ఉంటారు. ఆరుగురి బియ్యం ఇచ్చేసి పని అయిందనుకుంటే, ఆ ఇద్దరికీ నిజంగా కావలసింది ఎగిరిపోయిన రేకు తిరిగి కప్పే మనిషని ఎవరికీ తట్టదు.

రెండో దశలో ఊళ్ల ఎంపిక అధికారి ఇష్టానికి వదలకూడదు. మండలంలోని ఆవాసాల నుంచి జనాభా దామాషాలో 30 తీసి, ఒక్కోదానిలో ఏడేసి ఇళ్లు లాటరీ మీద ఎంచితే 210 ఇళ్లవుతాయి. పది బృందాలకు రెండు రోజుల పని. ఊళ్లో సర్పంచ్‌ను ఒక్కడినే అడిగి వస్తే చాలదు. ఆడవాళ్లను వేరుగా కూర్చోబెట్టి అడగాలి. మరుగుదొడ్డి సంగతి, నెలసరి గుడ్డల సంగతి మగవాళ్ల ముందు ఎవరూ చెప్పరు.

అసలు మన దగ్గర అంచనా అంటేనే నష్టం అంచనా. సాయంత్రానికల్లా ఇన్ని కోట్లని ఒక అంకె బయటికొస్తుంది. పంటకు కనీసం 33 శాతం నష్టం ఉంటేనే లెక్కలోకి వస్తుంది, అంతకు ఒక్క శాతం తగ్గినా నిల్. 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన రేట్లలో బహువార్షిక తోటలకు హెక్టారుకు 22,500 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. కాపుకొచ్చిన కొబ్బరి చెట్టు పోతే మళ్లీ గెల చూడటానికి ఐదారేళ్లు ఆగాల్సిన రైతుకు ఇది ఏ మూలకు? అదైనా భూమి ఉన్నవాడి మాట. కౌలు కాగితం లేని కౌలుదారు నిల్. పలాస జీడి కార్ఖానాల్లో పిక్కలు కొట్టి, పప్పు ఒలిచి రోజుకూలి తెచ్చుకునే ఆడవాళ్లకు భూమి లేదు, పంట లేదు, ఒక్కోసారి ఇల్లూ పడలేదు. కరెంటు లేక కార్ఖానా మూతపడితే వారం తిరక్కుండానే పొయ్యి వెలగదు. నష్టం పట్టికలో వాళ్లకు గడే లేదు. ఆస్తిని లెక్కపెట్టే కాగితానికి ఆకలి కనిపించదు.

నీళ్ల సంగతి చూడండి. ‘ఊళ్లో కుళాయిలున్నాయి, సమస్య లేదు’ అని రాస్తారు. కుళాయి ఉందా అన్నది ప్రశ్న కాదు. విపత్తులో మనిషికి రోజుకు 15 లీటర్లు, కుళాయికి 250 మందికి మించకుండా, వరసలో అరగంటకు మించి నిలబడకుండా, ఇంటి నుంచి అర కిలోమీటరు లోపు అన్నది ప్రపంచవ్యాప్తంగా సహాయ సంస్థలు పాటించే ‘స్ఫియర్’ ప్రమాణం. ఆ కుళాయి నిమిషానికి ఏడున్నర లీటర్లు ఇవ్వాలి. దాన్ని కొలవడానికి ఇంజినీరు అక్కర్లేదు, 15 లీటర్ల బిందే చేతి గడియారమూ చాలు. రెండు నిమిషాల్లో నిండితే ధార సరిగ్గా ఉన్నట్టు. ఆ ధారతో 250 మందికి నీళ్లందాలంటే కుళాయి 8 గంటల 20 నిమిషాలు రావాలి. మన ఊళ్లలో మాదిరి పొద్దున గంట, సాయంత్రం గంట వస్తే అందేది 60 మందికి. బిందె నిండటానికి నాలుగు నిమిషాలు పడితే 30 మందికే. మిగతావాళ్లు నేలబావికో, చెలమకో, ఏటికో పోతారు. అతిసారం మొదలయ్యేది అక్కడే. నివేదికలో మాత్రం నీటి ఎద్దడి ‘నిల్’.

పునరావాస కేంద్రాలదీ అదే తీరు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో పెట్టిన కనీస ప్రమాణాల ప్రకారం మనిషికి మూడున్నర చదరపు మీటర్ల చోటు, 30 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలి. ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు బడి గది పట్టేది పది మందిని. నలభై మందిని కుక్కి, ఇంతమందిని తరలించామని మొత్తం అంకె ఒక్కటే చెబుతారు.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఇంకో జాబితా గంటలతో ముడిపడి ఉంటుంది. డయాలసిస్ రోగికి వారానికి రెండు మూడు సార్లు యంత్రం కావాలి. ఒక్కసారి నాలుగు గంటలు నడిస్తే శుద్ధి చేసిన నీరే 120 లీటర్లు పడుతుంది. కరెంటు లేకపోతే యంత్రమూ లేదు, ఆ నీరూ లేదు. వాయిదా తప్పితే ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి చేరవచ్చు, పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023లో వచ్చింది, మంచిదే. కాని తుపాను వేళ రోగిని అక్కడికి చేర్చేదెవరు? రోగి పేరు పక్కన ‘చివరి డయాలసిస్ ఏ రోజు’ అన్న గడి ఒక్కటి ఉంటే ఏ పడవ, ఏ అంబులెన్సు ముందు ఎటు వెళ్లాలో తేలిపోతుంది. ఇలాంటి చావు తుపాను ఖాతాలో పడదు, ‘కిడ్నీ జబ్బు’ ఖాతాలో పడుతుంది. అక్కడా నిల్.

రోగం ప్రబలినప్పుడు ఈ నిల్ మరింత ప్రమాదం. వ్యాధి నిఘాలో నిల్ రిపోర్టుకు ఒక గౌరవమైన అర్థం ఉంది. వెతికాం, ఒక్క కేసూ దొరకలేదు అని. వెతక్కుండా రాస్తే అది అబద్ధం. అనుమానిత కేసులను ఆరోగ్య కార్యకర్త, డాక్టరు చూసినవాటిని పీహెచ్‌సీ, తేలినవాటిని ల్యాబ్ పైకి పంపాలన్న ఏర్పాటు 2004 నుంచీ ఉంది. అయితే మన ఊళ్లలో విరేచనాలు పట్టుకున్న మనిషి మొదట పోయేది ఆర్ఎంపీ దగ్గరికి. అక్కడ సెలైన్ ఎక్కించుకున్నవాడు ఏ రిజిస్టరులోనూ ఉండడు. తొలి రెండు మూడు రోజులు ఊరంతా మంచాన పడ్డా కంప్యూటర్లో సున్నాయే. అందుకే బృందం ఆర్ఎంపీలనూ మందుల షాపులనూ ముందు అడగాలి. ఆ తర్వాత పేరు, వయసు, వీధి, తాగే నీరు ఎక్కడిది, విరేచనాలు ఏ రోజు ఏ పూట మొదలయ్యాయి అని వరసగా రాయాలి. ఊరి పటం మీద ఇంటికో చుక్క పెట్టాలి. చుక్కలన్నీ ఒకే పైపులైను వెంబడి చేరితే లీకు ఎక్కడుందో పటమే చెబుతుంది.

ఇది చేయకుండా వీధుల వెంట బ్లీచింగ్ చల్లుతారు. బ్లీచింగ్ పడాల్సింది ట్యాంకులో. తేట నీరైతే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, నలభై వేల లీటర్ల ట్యాంకుకు 100 గ్రాములు. నీరు మురికిగా ఉన్నా, మూతి విప్పిన పాత బస్తాలో పొడి సత్తువ పోయినా ఈ లెక్క చాలదు. వేసిన అరగంటకు గాని నీళ్లు వదలకూడదు. పరీక్ష ట్యాంకు కింద కాదు, పైపులైను చివరి కుళాయి దగ్గర చేయాలి. చిన్న గాజు గొట్టంలో నీరు పట్టి క్లోరిన్‌ను పట్టిచ్చే ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే లేత పసుపు రావాలి. పది సెకన్లలోపే చూడాలి. లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరినైనా లేకపోతే ఆ వీధి నీరు తాగదగ్గది కాదు. రంగు రాకపోతే అదే మొదటి సాక్ష్యం. దాన్ని రాయండి.

పీహెచ్‌సీలో ‘సెలైన్ ఉంది’ అని రాయడమూ అంచనా కాదు. నీరసించి కళ్లు లోపలికి పోయిన 50 కిలోల మనిషికి మూడు గంటల్లో 5 లీటర్ల రింగర్ లాక్టేట్ అనే సెలైన్ ఎక్కాలి, అంటే అర లీటరు సీసాలు పది. అలమారలో నలభై సీసాలుంటే నలుగురికి సరి. ఐదో మనిషి వచ్చే వేళకు సీసాలు ఎక్కడినుంచి వస్తాయో ముందే రాసి ఉండాలి.

ఇక చావుల లెక్క. గుర్లలో ఎంతమంది పోయారన్నదానిపై అధికారులది ఒక లెక్క, ప్రభుత్వ పెద్దలది ఇంకో లెక్క, ప్రతిపక్షానిది మరో లెక్క. అప్పటికే బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నాయి కాబట్టి అవి అతిసార మరణాలు కావన్న వాదన వినిపించింది. ఒంట్లో నీరు పోతే ముందు పోయేది వాళ్లే. విరేచనాలు మొదలుకాకముందు ఆ మనుషులు తమ ఇళ్లలో తిరుగుతూనే ఉన్నారు. ముందు చావులన్నీ లెక్కపెట్టాలి, కారణం తర్వాత తేల్చాలి. పది వేల మందికి రోజుకు ఒక మరణం దాటితే అత్యవసర పరిస్థితి అన్నది అంతర్జాతీయ గీటురాయి. రెండు వేల మంది ఊళ్లో వారంలో ముగ్గురు పోతే ఆ గీత దాటినట్టే. ఆ ముగ్గురినీ మూడు వేర్వేరు జబ్బుల ఖాతాల్లోకి సర్దేస్తే ఊరు మళ్లీ నిల్ అవుతుంది.

తుపాను నష్టాన్ని అదే సాయంత్రం కోట్లలో చెప్పగలిగిన యంత్రాంగం, ఒక్క ఊళ్లో పోయిన ప్రాణాలను వారమైనా చెప్పలేకపోవడం చేతకానితనం కాదు. మొదటి అంకె పైనుంచి డబ్బు తెస్తుంది, రెండోది పైనుంచి సంజాయిషీ తెస్తుంది. ఈ తేడాను ఊళ్లు గమనించవనుకోవద్దు.

ఒక్కసారి రాసి వదిలేసినా చాలదు. కలరా ఐదు రోజుల్లోపు బయటపడుతుంది. కలుషిత నీటితో వచ్చే పచ్చకామెర్లకు రెండు నుంచి ఏడు వారాలు పడుతుంది. 2025 అక్టోబరులో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో కామెర్లు ప్రబలిన సంగతి అప్పుడే మరుపున పడింది. వరద తీసిన పదో రోజున నిల్ అని ఫైలు మూసేస్తే నెల తర్వాత పిల్లల కళ్లు పచ్చబడ్డాక మళ్లీ మొదటినుంచి వెతుక్కోవాలి. ఈలోగా ఆ నిల్‌నే మరుసటి ఏడాది ప్రణాళికకు ఆధారంగా తీసుకుంటారు. పోయినసారి ఆ ఊళ్లో ఏమీ కాలేదుగా అని ట్యాంకరూ కేటాయించరు, మందులూ దింపరు. ఒక ఏడాది చూడకుండా రాసిన సున్నా ఆ ఊరిని ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

విపత్తు నిర్వహణ చట్టం 2005లో వచ్చింది. ఆశ్రయం, తిండి, నీరు, వైద్యం, పారిశుద్ధ్యానికి కనీస ప్రమాణాలు ఉండాలని అందులోనే ఉంది. కొత్త కమిటీలేమీ మేము అడగడం లేదు. ఈ నెలాఖరులోగా రెండు జిల్లాల్లోనూ పట్టికలు మార్చండి. నిల్ అని రాసిన ప్రతి గడి పక్కనా ఆ ఊరికి వెళ్లి చూసిన ఉద్యోగి పేరు, వెళ్లిన తేదీ, గంట, సంతకం ఉండాలి. వెళ్లనివారు ఆ గడిని ఖాళీగానే వదిలేయాలి. దాన్ని నింపే అధికారం జిల్లా కేంద్రంలో కూర్చున్న ఎవరికీ లేదు.