బిరుదులిచ్చే ప్రజలు

మన రాజ్యాంగ నిర్మాతలు చాలా ముందుచూపు ఉన్నవాళ్లు. తెల్లవాళ్లు వదిలిపోయిన రావు బహదూర్లూ సర్లూ మళ్లీ తలెత్తకుండా 18వ అధికరణం రాసిపెట్టారు. సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప ప్రభుత్వం ఎవరికీ ఏ బిరుదూ ఇవ్వకూడదు. బాగానే ఉంది. మరి పౌరుడే ప్రభుత్వానికి బిరుదిస్తే? దాని గురించి ఒక్క ముక్క లేదు. ఆ సందులోంచి ఈ దేశంలో రోజుకి ఎన్నిసార్లు ఎంతమంది సార్లు పుడుతున్నారో లెక్కే లేదు. ఇంత విలువైన సరుకును ఊరికే పంచిపెట్టడం ఖజానాకు నష్టమని నా ఆవేదన.

ఇంగ్లండును చూసి నేర్చుకోండి. లాటిన్‌లో ‘వయసులో పెద్ద’ అన్న మాట ఫ్రెంచి మీదుగా ప్రయాణించి ‘సైర్’ అయి, అదీ అరిగి ‘సర్’గా మిగిలింది. అరిగినా విలువ తగ్గలేదు. పుచ్చుకునేవాడు పీట మీద మోకాలు ఆనించాలి, రాజుగారు కత్తితో రెండు భుజాలూ తాకాలి. ఆ తర్వాతా బోలెడు రూల్సు. సర్ పక్కన సొంత పేరు ఉండి తీరాలి: సర్ ఆర్థర్ అనొచ్చు, సర్ కాటన్ అంటే తప్పు. పరాయి దేశస్థుడికైతే నైట్‌హుడ్ అనే ఈ గౌరవం ఇస్తారు గానీ సర్ అనిపించుకోనివ్వరు. అందుకే 2005లో నైట్‌హుడ్ అందుకున్న బిల్ గేట్స్ ఇప్పటికీ ఉత్త బిల్ గేట్సే. అదే మన ఊరి బట్టల షాపుకొస్తే, గుమ్మంలోనే ‘రండి సార్’ అనేవాళ్లు. కత్తి కూడా అక్కర్లేదు.

ధర విషయంలోనూ వాళ్లది పక్కా లెక్క. 1611లో మొదటి జేమ్స్ రాజు, ఐర్లండులోని అల్‌స్టర్‌లో సైన్యాన్ని పోషించడానికి డబ్బు కావాల్సి వచ్చి బారొనెట్ అనే కొత్త రకం సర్‌ను కనిపెట్టాడు. రేటు 1,095 పౌండ్లు. ముప్ఫైమంది సైనికులకు రోజుకి ఎనిమిదేసి పెన్నీల చొప్పున మూడేళ్ల జీతం అన్నమాట. వాయిదాల్లో కట్టే సౌకర్యం ఉంది, పైగా వంశపారంపర్య హక్కు! ఇంత మంచి వెంచరు మన రియల్ ఎస్టేట్ వాళ్లకు ఇంకా తట్టలేదు. మూడు వందల ఏళ్ల తర్వాత ప్రధాని లాయిడ్ జార్జ్ హయాంలో పది వేల పౌండ్లిస్తే నైట్‌హుడ్ దొరుకుతోందని గోల లేచింది. 1925లో చట్టం తెచ్చారు. దాని కింద శిక్ష పడింది మాండీ గ్రెగరీ అనే బ్రోకరు ఒక్కడికే, 1933లో. కొనుక్కున్నవాళ్లు సర్లుగానే ఉండిపోయారు.

ఇక మన సంగతి. ఏ తహసీల్దారు ఆఫీసు వరండాలోనైనా కాసేపు నిలబడండి.

‘సార్, సార్ ఉన్నారా?’

‘లేరు సార్. పెద్ద సార్ రమ్మంటే వెళ్లారు సార్.’

ఇందులో ఏ సార్ ఎవరో ఎవరికీ అనుమానం రాదు. కాసేపటికి ఆ సార్ రానే వస్తారు. ఫోను మోగుతుంది. ‘సార్. సార్... సార్. ఓకే సార్.’ సంభాషణ మొత్తం అంతే. రెండో సార్ దగ్గరే కుర్చీలోంచి లేచి నిలబడతారు, అవతలివాళ్లకు కనబడదని తెలిసినా. అప్పటిదాకా ఆయన్ని సార్ అన్న రైతు పాస్‌బుక్కు జిరాక్సు పట్టుకుని, ఈ బిరుదు ప్రదానాన్ని గుడ్లప్పగించి చూస్తుంటాడు. మహిళలకు ఇంగ్లండులో డేమ్ అని వేరే బిరుదుంది. మనకు అంత ఓపిక లేదు. మహిళా ఎస్సైకి కూడా అలవాటులో ‘సార్’ అంటూనే సెల్యూట్ కొట్టే కానిస్టేబుళ్లున్నారు.

టాగూరు 1915లో వచ్చిన సర్ బిరుదును జలియన్‌వాలాబాగ్ తర్వాత, 1919లో, వద్దని వదిలేశాడు. మన ఆఫీసుల్లో వద్దన్నవాడు ఇంతవరకు నా కంటబడలేదు.

ఏ ఫైలూ ఇరుక్కోకుండానే జనం మనసారా ఇచ్చిన సార్లు లేరా అంటే, ఉన్నారు. ప్రొఫెసర్ జయశంకర్‌ని తెలంగాణ ‘జయశంకర్ సారు’ అనే తలుచుకుంటుంది. కాటన్‌కు 1861లో నైట్‌హుడ్ ఇస్తే, గోదావరి రైతు ఆ ‘సర్’ పక్కన పెట్టి ‘కాటన్ దొర’ అనే అన్నాడు. ఇవన్నీ లెక్కలోకి తీసుకుంటే నా వాదన దెబ్బతింటుంది కాబట్టి తీసుకోవడం లేదు.

ప్రభుత్వానికి నా మనవి ఒక్కటే. ఇంగ్లండులో సర్ బిరుదు మనిషికిస్తారు, బతికినంత కాలం ఉంటుంది. మన దగ్గర కుర్చీకిస్తారు. రిటైరైన రోజు సాయంత్రం శాలువా కప్పి, దండ వేసి, బిరుదు వెనక్కి లాగేసుకుంటారు. నెల తిరక్కుండా ఆయనే తన పాత ఆఫీసుకొచ్చి, నిన్నటిదాకా ‘ఏమయ్యా’ అని పిలిచిన జూనియర్ అసిస్టెంటు ముందు నిలబడి, ‘సార్, నా పెన్షన్ కాగితాలు...’ అంటున్నాడు. కనీసం ఆ కాగితాల మీద సంతకం పడేదాకా ఆయన్ను సార్‌గా కొనసాగించేలా ఒక జీవో ఇప్పించండి సార్.