తుపాకీకి మూడు పేజీలు, అది పట్టుకున్న మనిషికి ఒక్క లైనా?

నిన్న రాత్రి ఒక మిలిటరీ సైన్స్ ఫిక్షన్ నవల సగంలో ఆపేశాను. మామూలుగా నేను ఏ పుస్తకమూ మధ్యలో వదిలిపెట్టను, కానీ ఇక నా వల్ల కాలేదు. ప్లాస్మా రైఫిల్ గురించి మూడు పేజీలుంది, అది ఎంత వేడెక్కుతుంది, పేలినప్పుడు భుజాన్ని ఎలా తంతుంది, మ్యాగజైన్ ఎన్ని సెకన్లలో మార్చొచ్చు, అన్నీ ఉన్నాయి. ఆ రైఫిల్ పట్టుకున్న కెప్టెన్ గురించి మాత్రం ఒకే ఒక్క లైను, మొండివాడు, చావుకి భయపడడు అని. ఆ ఓడలో ఇరవై మంది సైనికులున్నారు, వాళ్ళ పేర్లన్నీ తారుమారు చేసేసినా కథలో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు, అంత ఒకేలా ఉన్నారు. ఒకడు చచ్చిపోతాడు, మిగతావాళ్ళు పళ్ళు కొరుకుతారు, మళ్ళీ తుపాకుల మోత. చచ్చిపోయింది ఎవరో గుర్తు తెచ్చుకోడానికి నేను రెండు చాప్టర్లు వెనక్కి వెళ్ళాల్సొచ్చింది.

ఈ కోపం ఆ ఒక్క పుస్తకం మీద కాదు, ఈ జానర్ అంటే నాకు ప్రాణం కాబట్టి చాలా ఏళ్ళుగా లోపల పేరుకుపోయిన కోపం. ఎక్కడ తేడా కొడుతోందని ఆలోచిస్తే నాకు ఒక విషయం తట్టింది. మామూలు నవల్లో హీరో తన నిర్ణయాలు తనే తీసుకుంటాడు, ఊరు వదిలి పోవాలా ఉండాలా, ఎవర్ని ప్రేమించాలి, ఎవరితో తెగతెంపులు చేసుకోవాలి, అదంతా అతని చేతుల్లోనే ఉంటుంది, దాంట్లోంచే మనకి అతనేంటో తెలుస్తుంది. సైనికుడికి అలా కాదు కదా. ఎప్పుడు లేవాలి, ఏం వేసుకోవాలి, ఎటు నడవాలి, ఎవర్ని కాల్చాలి అన్నీ పైనుంచి వస్తాయి. మరి అలాంటి మనిషిని ఎలా చూపించాలో తెలీక రచయితలు అడ్డదారి తొక్కుతారు, వాడి చేత ప్రతి ఆర్డరూ ధిక్కరింపజేస్తారు, జనరల్ మొహం మీదే ఎదురు మాట్లాడిస్తారు, చివర్లో అదే జనరల్ చేత మెడల్ ఇప్పిస్తారు. ఇంతకన్నా అబద్ధం ఇంకోటి లేదు. అలాంటివాణ్ణి ఏ సైన్యమూ నెల రోజులు కూడా భరించదు, అసలు పక్కనున్న తోటి సైనికులే భరించరు, ఎందుకంటే వాడి మొండితనానికి ముందు చచ్చేది వాళ్ళే.

సైనికుడి స్వభావం తెలిసేది ఆర్డర్‌కీ, దాన్ని అమలు చేసే చెయ్యికీ మధ్య ఉండే ఆ చిన్న సందులో. ఆ సందు ఒక్కోసారి అర సెకను, ఒక్కోసారి ఇరవై నిమిషాలు. మనిషి మొత్తం అక్కడ దొరుకుతాడు.

1983 సెప్టెంబర్ 26 అర్ధరాత్రి దాటాక సోవియట్ ముందస్తు హెచ్చరిక కేంద్రంలో స్టానిస్లావ్ పెట్రోవ్ డ్యూటీలో ఉన్నాడు. అమెరికా నుంచి ఒక మిసైల్ బయల్దేరిందని సిస్టం చూపించింది, కాసేపటికి ఇంకో నాలుగు. పైవాళ్ళకి చెప్పడమే అతని పని, ఆ తర్వాత ఏం చెయ్యాలో వాళ్ళు చూసుకుంటారు. నిజంగా దాడి చేసేవాళ్ళు ఐదింటితో మొదలుపెట్టరు కదా అనిపించింది, ఆ సిస్టం కూడా కొత్తది, పూర్తిగా నమ్మకం కుదరలేదు, నేల మీది రాడార్లలో ఏమీ కనిపించట్లేదు. తప్పుడు అలారం అని రిపోర్ట్ చేశాడు. ఖచ్చితంగా తెలిసి కాదు, తెలియకుండానే. ఎండ మేఘాల మీద పడి మెరిసిన మెరుపుని ఉపగ్రహాలు మిసైల్ అనుకున్నాయని తర్వాత తేలింది. నన్ను కుదిపేసింది ఆ తర్వాత జరిగింది, ఆ రాత్రి లాగ్‌బుక్ సరిగ్గా నింపలేదని అతన్ని మందలించారు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో ఇంటర్‌కామ్ ఉంటే రాయడానికి మూడో చెయ్యి ఎక్కణ్ణుంచొస్తుంది? ఆ లాగ్‌బుక్ ముక్క ఏ రచయితకైనా ఊహలోంచి పుడుతుందా చెప్పండి. నాకైతే ఆ ఒక్క వివరంతో ఆ గది, ఆ సైన్యం, ఆ మనిషి ముగ్గురూ కళ్ళముందుకొచ్చేశారు.

అలాగే 1962 అక్టోబర్ 27, క్యూబాలోని మిసైళ్ళ గొడవతో అమెరికా, సోవియట్ యూనియన్ యుద్ధం అంచున ఉన్న రోజు, క్యూబా దగ్గర నీళ్ళ కింద సోవియట్ సబ్‌మెరైన్ బీ-59. మాస్కోతో మాట లేక రోజులైంది, బ్యాటరీ అయిపోవస్తోంది, లోపల నలభై ఐదు డిగ్రీలు దాటిన వేడి, గాలి ఆడట్లేదు, పైనుంచి అమెరికన్ ఓడలు పైకి రమ్మని హెచ్చరించే చిన్న పేలుడు గుళ్ళు వేస్తున్నాయి. పైన యుద్ధం మొదలైపోయిందేమో కూడా వీళ్ళకి తెలీదు. కెప్టెన్ అణు టార్పెడో సిద్ధం చెయ్యమన్నాడని, అందులోనే ఉన్న ఇంకో అధికారి వాసిలీ ఆర్ఖిపోవ్ ఒప్పుకోకుండా అతన్ని చల్లబరిచాడని అప్పుడు ఆ ఓడలో ఉన్నవాళ్ళు తర్వాత చెప్పారు. ఈ ఆర్ఖిపోవ్ అంతకు ముందు ఏడాదే, 1961 జులైలో, కే-19 సబ్‌మెరైన్‌లో రియాక్టర్ చెడిపోయినప్పుడు అందులో ఉన్నాడు. దాన్ని బాగుచెయ్యడానికి లోపలికెళ్ళినవాళ్ళు రేడియేషన్‌తో కొద్ది వారాల్లోనే చనిపోయారు, అది దగ్గర్నుంచి చూసినవాడు అతను. గతం అంటే ఇలా ఉండాలి. మన నవలల్లో గతం అనగానే శత్రువులు కుటుంబాన్ని చంపేశారు, అందుకే వీడు పగతో రగిలిపోతున్నాడు అని రెండు పేరాలు పడేస్తారు, ఇక వీడు ఏం చేసినా ఆ పగే కారణం. కే-19 వివరం అలా కాదు, దానివల్లే అతను వద్దన్నాడని మనం గట్టిగా చెప్పలేం, కానీ అది తెలిశాక ఆ ఇరుకు గదిలో నిలబడ్డ మనిషి బరువు మారిపోతుంది. పాఠకుడికి వదిలెయ్యాల్సిన ఖాళీ అది.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఈ సందుని అంతరిక్షం ఎంత పెద్దది చెయ్యగలదో ఆలోచించారా? భూమి నుంచి మార్స్‌కి రేడియో మాట చేరాలంటే గ్రహాలు ఎక్కడున్నాయన్న దాన్నిబట్టి 3 నుంచి 22 నిమిషాలు, జవాబు రావడానికి మళ్ళీ అంత. సూర్యుడికి అన్నిటికన్నా దగ్గర్లో ఉన్న నక్షత్రానికైతే నాలుగేళ్ళ పైమాటే. అంటే ఆర్డర్ ఇచ్చినవాడికి యుద్ధరంగం ఎలా ఉందో తెలీదు, అందుకున్నవాడికి ఇచ్చినవాడు ఇంకా బతికున్నాడో లేదో తెలీదు. ఇది కల్పన కూడా కాదు, ఓడల కాలంలో జరిగిందే. బ్రిటన్, అమెరికా మధ్య సంధి మీద 1814 డిసెంబర్ 24న సంతకాలైపోయాయి, ఆ కబురు సముద్రం దాటేలోపు 1815 జనవరి 8న న్యూ ఆర్లీన్స్ దగ్గర యుద్ధం జరిగి వందలమంది పోయారు. సంతకాలైపోయిన యుద్ధంలో చచ్చిపోయినవాడి గురించి ఒక్కసారి కూర్చుని ఆలోచించండి, ఇంతకన్నా పెద్ద వస్తువు ఈ జానర్‌కి ఏం కావాలి? కానీ మనవాళ్ళు ఏం చేస్తారంటే మొదటి చాప్టర్లోనే కాంతికన్నా వేగంగా మాట్లాడుకునే పరికరం ఒకటి పెట్టేసి ఆ దూరాన్ని చంపేస్తారు, ఆ తర్వాత క్యారెక్టర్లలో లోతు ఎందుకు రావట్లేదని తల పట్టుకుంటారు. లోతంతా ఆ దూరంలోనే ఉంది కదండీ!

హిరో ఒనోడా (హిరో అన్నది అతని పేరే) గురించి చాలామందికి తెలిసే ఉంటుంది, 1944 చివర్లో ఫిలిప్పీన్స్‌లోని లుబాంగ్ దీవికి పంపిన జపాన్ అధికారి, యుద్ధం అయిపోయిందంటే నమ్మకుండా 1974 మార్చి దాకా అడవిలోనే ఉండిపోయాడు. చివరికి అతని పాత కమాండర్, అప్పటికి పుస్తకాల వ్యాపారం చేసుకుంటున్నాయన, స్వయంగా ఆ దీవికి వెళ్ళి డ్యూటీ నుంచి విడుదల చేస్తున్నామని ఆర్డర్ చదివితేగానీ లొంగలేదు. అతన్ని వీరుడిగా రాయడం తేలిక, పిచ్చివాడిగా రాయడం ఇంకా తేలిక. కానీ ఆ ఏళ్ళలో ఆ దీవి జనాన్ని అతనూ అతని మనుషులూ చంపారు, వాళ్ళకి అది యుద్ధం కాదు, ఊరి మీద పడ్డ హత్యలు. ఒకే మనిషిలో ఆ విధేయతా ఆ నేరమూ రెండూ ఉన్నాయి, ఏ ఒక్కటి తీసేసినా మిగిలేది అట్టబొమ్మే. ఇప్పుడు ఇదే మనిషిని కాంతి వేగంలో 99 శాతంతో వెళ్ళే ఓడలో పెట్టండి, అంత వేగంలో కాలం నెమ్మదిస్తుంది కాబట్టి అతనికి ఏడాది గడిస్తే ఇంటిదగ్గర ఏడేళ్ళు. మూడేళ్ళ డ్యూటీ చేసి తిరిగొచ్చేసరికి పాపాయి అనుకున్న కూతురు తనతో సమానమైన ర్యాంకులో సెల్యూట్ కొడుతుంది. ఈ సీన్ కోసం ఏడుపు డైలాగులు అక్కర్లేదు, ఆ సెల్యూట్‌కి అతను తిరిగి సెల్యూట్ కొడతాడా లేదా అన్నది చాలు.

శరీరం గురించి ఒక్క మాట, ఎక్కువ చెప్పను. బరువులేనితనంలో నెలల తరబడి ఉంటే రక్తం తలకి పాకి మొహం ఉబ్బుతుంది, ముక్కు దిబ్బడేసినట్టుంటుంది, తిండి చప్పగా తోస్తుంది, అరికాళ్ళ మీది గట్టి చర్మం మెత్తబడి ఊడిపోతుంది, కాళ్ళు పట్టీల్లో ఇరికించి నిలబడీ నిలబడీ పాదాల పైభాగం గట్టిపడుతుంది. బరువు మోసే ఎముకలు నెలకి ఒక శాతం పైన పలచబడతాయి. ఇన్ని నిజాలు చేతిలో ఉండగా మన హీరో ఆర్నెల్ల ప్రయాణం తర్వాత గ్రహం మీద దూకి పరిగెత్తేస్తుంటే నేనెలా నమ్మాలి? అన్నట్టు నిద్ర. మూడు రోజులు సరిగ్గా నిద్రలేని కమాండర్ తీసుకునే నిర్ణయంలో ధైర్యం ఎంత, అలసట ఎంత అని ఎవరూ రాయరు.

ఇంకోటి నన్ను బాగా బాధపెట్టేది మాటలు. సైన్యంలో పనిచేసొచ్చిన ఒక స్నేహితుడికి నా డ్రాఫ్ట్ ఇస్తే చదివి, అందరూ ఇంతింత పొడుగు వాక్యాలు ఎందుకు మాట్లాడుతున్నారు అని అడిగాడు. దాడికి ముందు మేం దేశం గురించి మాట్లాడుకోలేదు, బూట్లు తడిశాయని మాట్లాడుకున్నాం అన్నాడు. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. మనకైతే భాషలోనే గొప్ప సౌకర్యం ఉంది, దాన్ని వాడుకోం. ఇరవై రెండేళ్ళ లెఫ్టినెంట్, అతని కింద నలభై ఏళ్ళ సార్జెంట్, ర్యాంకులో ఒకరు పైన, వయసులో అనుభవంలో ఇంకొకరు పైన. సార్జెంట్ అతన్ని మీరు అనాల్సిందే. లెఫ్టినెంట్ ఏమనాలి? నువ్వు అంటే నోరు రాదు, మీరు అంటే అందరిముందూ తగ్గినట్టుంటుంది, అందుకని మొదటి వారమంతా ఏ సంబోధనా లేకుండా తప్పించుకుంటూ మాట్లాడతాడు. ఒకరోజు షెల్ వచ్చి దగ్గర్లో పడుతుంది, సార్జెంట్ అతని మెడ పట్టుకుని కిందకి నొక్కి తల దించరా అని అరుస్తుంది, అవును, సార్జెంట్ ఆడమనిషే. దుమ్ము తగ్గాక మళ్ళీ మీరు, సార్. ఆ "రా" గురించి ఇద్దరూ జీవితంలో మళ్ళీ ఎత్తరు. ఇద్దరి మధ్యా ఏర్పడిన బంధం గురించి పది పేజీల వర్ణన ఆ ఒక్క అక్షరానికి సాటి రాదు. ఇంగ్లీషు నవలల్లో చదివిన సంభాషణని మక్కీకి మక్కీ దించేస్తే ఇది పోతుంది, ఇంగ్లీషులో లేని పనిముట్టు ఇది.

కాల్పులు జరపని సైనికుల్ని కూడా రాయండి ప్లీజ్. ఏ ఆధునిక సైన్యం తీసుకున్నా తుపాకీ పేల్చేవాళ్ళకన్నా వాళ్ళని నిలబెట్టేవాళ్ళే ఎక్కువ, వంట, మరమ్మతు, సరుకు, వైద్యం, రేడియో. ఎయిర్‌లాక్ (ఓడలోని గాలి బయటికి పోకుండా ఆపే తలుపుల గది) సీలు రెండు నెలల్లో పాడవుతుందని తెలిసీ కొత్తది రాక, ఉన్నదాన్నే అతికించి సంతకం పెట్టిన మెకానిక్ ఉంటాడు చూడండి, అతను నాకు ఏ కెప్టెన్‌కన్నా ఎక్కువ ఆసక్తి.

నేను రాస్తున్నదాంట్లో అలాంటి రేడియో ఆపరేటర్ ఒకామె ఉంది. ఇంటికి పదకొండు కాంతి-నెలల దూరంలో ఒక స్టేషన్, చివరి మనిషి దాకా అక్కడే ఉండి పోరాడమని ఆర్డర్ వచ్చింది, అంటే పదకొండు నెలల కిందటి ఆర్డర్. మొదటి డ్రాఫ్ట్‌లో ఆమె లేచి నిలబడి విధేయత గురించి, మనస్సాక్షి గురించి పేజీన్నర ప్రసంగం చేసింది, అదంతా కొట్టేశాను. ఇప్పుడు షిఫ్టులో ఒక్కతే ఉంది, మిగతావాళ్ళు నిద్రపోతున్నారు, లేపడానికి ఇంకా నలభై నిమిషాలుంది. లాగ్‌బుక్ తెరిచి ఆర్డర్ నంబర్ రాసింది, పంపినవాళ్ళ పేరు రాసింది, టైం రాయాల్సిన గడి దగ్గర ఆగిపోయింది. పంపిన టైమా, అందిన టైమా, తను చదివానని ఒప్పుకునే టైమా? మూడు వారాలైంది, ఆమె పెన్ను ఇంకా ఆ గడి మీదే ఉంది, నేనూ రోజూ రాత్రి వెళ్ళి పక్కన కూర్చుంటున్నాను.